అరవై దాటిన ఆటగాళ్ళు కావలెను

దుమ్ముకు ముందు 41వ రోజు

కబడ్డీ సీజను ముగిసింది. పదకొండు ఊళ్ళలో మాకు తొమ్మిదో స్థానం. కిందటిసారి పదోది. అందుకని ఊళ్ళో మిఠాయి పంచారు. మిఠాయంటే మరేం కాదు, తొట్లలో పెంచే పాచిని దంచిన పిండికి బెల్లం వాసన పట్టించింది. వాసన మాత్రం అచ్చంగా ఉంటుంది. కళ్ళు మూసుకుని, నమలకుండా మింగితే బాగుంటుంది.

నా పేరు బిట్రా సోమలింగం. కొత్త చీరాల జట్టుకు మ్యాట్ నేసేది, చిరిగితే కుట్టేది, సీజను అయ్యాక చుట్టి అటకెక్కించేది నేనే. పాతబడ్డ స్పేస్ సూట్ల లోపలి గుడ్డను పీలికలు చేసి, పడుగూ పేకా వేసి నేస్తాను. మా తాతలు నేసినవి పెళ్ళికూతుళ్ళు కట్టుకున్నారు. నేను నేసినదాని మీద ఏడుగురు కలిసి ఒకణ్ణి కిందేసి తొక్కుతారు. ఇవాళ మ్యాట్ మొత్తాన్నీ భుజాన వేసుకుని ఒక్కణ్ణే మెట్లెక్కాను. భూమ్మీదైతే నలుగురు పట్టాలి. అరవై ఏడేళ్ళ వయసులో అంగారకుడు నాకు చేసిన ఉపకారం ఇదొక్కటే.

ఇక నలభై ఒక్క రోజుల్లో దుమ్ముకాలం మొదలవుతుంది. అప్పుడు రోడ్డు మూసేస్తారు. ఎవరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళోనే తొమ్మిది నెలలు. జట్ల మధ్య ఆటగాళ్ళ మార్పిళ్ళు, కొత్త ఒప్పందాలు అన్నీ ఈలోపే కావాలి. సీజను ముగిసిన నాటినుంచి దుమ్ము తీరేదాకా ప్రతి జట్టూ దినచర్య రాసి, పదిరోజులకోసారి ఉమ్మడి రేడియోలో చదవాలని నియమం. రాసింది రాసినట్టు చదవాలి, ఒక్క ముక్క మింగకూడదు. మూడు సీజన్ల కిందట ఒక ఊరివాళ్ళు పక్క ఊరి ఆటగాణ్ణి టమాటా పెట్టెలో పెట్టి తరలించారు. పెట్టె తెరిచేసరికి టమాటాలు లేవు, ఆటగాడు కదలలేని స్థితిలో ఉన్నాడు. అప్పటినుంచీ ఈ పద్ధతి వచ్చింది. మా జట్టులో సంతకం కంటే ఎక్కువ రాయగలిగేది నేనొక్కణ్ణే కాబట్టి, పుస్తకం నా చేతికొచ్చింది.

39వ రోజు

నియమాల సంఘం నుంచి కబురు. ప్రతి సీజను తర్వాతా ఏదో ఒకటి మార్చకపోతే వాళ్ళకు అన్నం సయించదు. మొదట్లో మేమిక్కడ ఆడినప్పుడు, కూతకు వెళ్ళినవాడు ఏడుగురి నెత్తుల మీదుగా ఎగిరి అవతల దిగేవాడు. ఎగరడమే తప్ప తాకడం లేదు. ఒక ఆట మొత్తం సున్నా సున్నాతో ముగిసింది, జనం మెడలు పట్టేశాయి. అప్పుడు బరి మీద ఎత్తు తక్కువలో వల కట్టించారు. ఆ వల కూడా నేనే నేశాను. అదలా ఉంచండి.

ఈసారి నియమం ఇది: ప్రతి జట్టులోనూ భూమి లెక్కన అరవై దాటిన మనిషి ఒకరు, ఆడైనా మగైనా, బరిలో ఉండి తీరాలి. ప్రతి సగంలో నాలుగుసార్లు కూతకు వెళ్ళాలి. ఆ పెద్దమనిషిని ఎవరూ పట్టుకోకూడదు, నెట్టకూడదు. ఊపిరి తప్పితేనే అవుట్. కారణం కూడా రాశారు. ఈ తేలిక బరువులో కూర్చుని కూర్చుని ముసలివాళ్ళ ఎముకలు గుల్లబారుతున్నాయట, ఆసుపత్రిలో మంచాలు చాలడం లేదట.

మా జట్టులో కూతకు మొనగాడు మస్తాన్‌వలి. ఇక్కడే పుట్టినవాడు, మనిషి కరెంటు స్తంభమంత పొడుగు. వాడు కబురు విని పడీపడీ నవ్వాడు.

“తాతా, మీరంతా మంచాలు దిగి మ్యాటెక్కితే మేం మంచాలెక్కాలా?”

“నవ్వరా నవ్వు. చీరాల బడిలో నేను ఆరుగురిని ఒక్క కూతలో...”

“ఆరుగురా? పోయిన నెల నలుగురన్నావే!”

ఏమైనా నాకు లోపల కాస్త గర్వంగానే ఉంది. జట్టుకు ఇన్నేళ్ళు కిందినుంచి సేవ చేశాను. ఇప్పుడు మ్యాట్ పైన నిలబడే యోగం పట్టబోతోంది. మా ఆవిడ నాంచారమ్మకు ఆ మాటే చెప్పాను. ఆవిడ పాచి తొట్ల దగ్గర పనిచేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా తొట్లో మునిగి, అడుగున పేరుకున్నది గోకి పైకి రావడమే పని. తల తుడుచుకుంటూ నావైపు ఎగాదిగా చూసింది.

“నువ్వా? కూతకా? మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా మధ్యలో ఆపి మాట్లాడతావు గదయ్యా!”

36వ రోజు

ఎంపిక జరిగింది. ఊళ్ళో అరవై దాటినవాళ్ళం ఆరుగురం మగవాళ్ళం వచ్చాం. ఆడవాళ్ళను పిలవాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. మా కోచ్ కత్తి యేసుపాదం గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ళవాడు, మంచివాడు, ఓడినప్పుడల్లా పొట్ట పెరుగుతుంది. ఇప్పుడు బాగానే పెరిగింది.

“బాబాయ్, మొదలెట్టు” అన్నాడు.

దమ్ము పట్టి కబడ్డీ కబడ్డీ అంటూ గీత దాటాను. ఎదురుగా మస్తాన్‌వలి ఎడంకాలు ముందుకేసి నిలబడ్డాడు. పట్టు పట్టేవాడు అలా నిలబడకూడదు. మా బడిలో డ్రిల్లు మాస్టారు అలా నిలబడ్డవాడి కాలి మీద బెత్తంతో ఒక్కటిచ్చి, తర్వాత నెమ్మదిగా కారణం చెప్పేవారు. ఆయనకో గుర్రం ఉండేది. ఆ గుర్రం సంగతి కూడా చెప్పాను. చెప్పడం అయ్యేసరికి జట్టంతా కింద కూర్చుని ఉంది.

“బాబాయ్, కూత ఆపేసి కథ చెప్పావు. తొమ్మిది సెకన్లు.”

“కథ కూడా అదే ఊపిరిలో చెప్పాగా?”

“కథలో ‘కబడ్డీ’ లేదు బాబాయ్. గుర్రం ఉంది.”

మిగిలినవాళ్ళూ అంతంత మాత్రమే. మంచు తవ్వే పని చేసి రిటైరైన ఒకాయన పదిహేడు సెకన్లు లాగి మోకాలు పట్టేసి కూలబడ్డాడు. ఆయన్నే ఖాయం చేశారు.

నా ఉద్దేశం ఏమిటంటే, ఊపిరి ఒక్కటే గొప్ప కాదు. ఊపిరే గొప్పయితే మా నాంచారమ్మను మించినవాళ్ళు ఈ గ్రహం మీద లేరు. మొన్న మ్యాట్ దారాలు బియ్యం చాటలో పెట్టానని తిట్టింది. మా గదిలో గోడకు ఊపిరి మీటరు ఉంటుంది. గాలి కొలిచి ఇచ్చే ఊరు కదా మాది, ఇంట్లో ఎందరుంటే అన్ని ముళ్ళు, గాలి పీల్చినప్పుడల్లా ఎవరి ముల్లు వాళ్ళకు కదులుతుంది. ఆవిడ ముల్లు నిమిషం మీద యాభై సెకన్లు కదలలేదు. తిట్టు మాత్రం ఎక్కడా తెగలేదు. అంతమాత్రాన ఆవిణ్ణి తెచ్చి బరిలో నిలబెడతామా?

31వ రోజు

ఇవాళ రేడియోలో దినచర్య చదివాను. రాసేటప్పుడు ఇది చదవాల్సి వస్తుందన్న సంగతి నాకెప్పుడూ గుర్తుండదు. చదివేటప్పుడు గుర్తొస్తుంది, అప్పటికి లాభం లేదు. “ముల్లు కదలలేదు” అన్నచోటికి రాగానే తలుపు ధడాలున తెరుచుకుంది. తొట్ల దగ్గర స్పీకర్లో విని, తడి తలతోనే పరుగెత్తుకొచ్చింది నాంచారమ్మ.

“ఏందయ్యా, నీకు సిగ్గుందా? నా ముల్లు సంగతి పదకొండూళ్ళకు చాటతావా, చాటలో దారాలు పెట్టింది నువ్వు, చెప్తే వినంది నువ్వు, పైగా గడియారం చూసుకుంటా కూర్చున్నావా నేను తిడతంటే...”

అలా సాగింది. పూర్తిగా రాయను, రాస్తే మళ్ళీ చదవాలి. మైకు ఆపడం మరిచిపోయాను.

30వ రోజు

పొద్దున్నే కొత్త సిరిసిల్ల కోచ్ గుండేటి రాజేశం రేడియోలో పిలిచాడు. వాళ్ళ ఊరు మాకు మూడు రోజుల ప్రయాణం. మాది నేల కింద తవ్విన ఊరైతే, వాళ్ళది నేల మీద గాజు గుమ్మటం. కిందటి సీజను మొదటి స్థానం వాళ్ళదే. మనిషి మర్యాదస్తుడు, అదే భయం.

“సోమన్నా, మంచిగున్నవా? వదినె తిట్టింది మేమంతా గడియారం పెట్టుకొని ఇన్నం. నిమిషం మీద యాభై ఎనిమిది. నువ్వు చెప్పిన దానికన్న ఎనిమిది ఎక్కువనే.”

“అయితే?”

“అయితే ఏందన్నా? వదినెకు అరవై దాటినయ్ గద, ముసలోళ్ళని ఎవరూ పట్టుకోవద్దన్నరు. ఊపిరి ఉన్నంతసేపు ఆమె తిరుగుతనే ఉంటది. రెండు నిమిషాలల్ల ఏడుగురిని ముట్టుకోని వస్తది. ఈ మతలబు మాకు తట్టనే లేదు, నీ దినచర్య ఇన్నాకనే తెలిసింది.”

నాకూ తట్టలేదు. ఆ మాట పైకి అనలేదు. ఈలోగా యేసుపాదం పరుగున వచ్చి నెత్తి కొట్టుకున్నాడు.

“బాబాయ్! ఇంట్లో నిధి పెట్టుకుని ఊరంతా దండోరా వేస్తావా?”

“నాకేం తెలుసురా, అది నిధని? నేను తిట్టనుకున్నాను.”

మధ్యాహ్నానికి ఇంకో నాలుగు ఊళ్ళు పిలిచాయి. కానీ రాజేశం ఇస్తానన్నది ఒక్కటే నాంచారమ్మ చెవిలో పడింది. కిటికీ ఉన్న గది. పంతొమ్మిదేళ్ళుగా నేల కిందే ఉన్నాం మేము. ఆకాశం చూడాలంటే సూటు వేసుకుని, వరుసలో నిలబడి, పైకెక్కి పది నిమిషాలు చూసి దిగాలి. ఆవిడ నెలకోసారి ఆ వరుసలో నిలబడుతుంది. నేను వెళ్ళను, నాకు మోకాళ్ళు. నిజం చెప్పాలంటే, నాకు బద్ధకం.

ఆవిడ అన్నం వడ్డించింది. తిట్టలేదు. ముల్లు మామూలుగా కదిలింది.

27వ రోజు

యేసుపాదం మా ఆవిణ్ణి మ్యాట్ మీదికి పిలిచాడు. చుట్టి పెట్టినదాన్ని నేను మళ్ళీ దింపి పరిచాను. చీరకు కచ్చ బిగించి గీత దగ్గర నిలబడింది నాంచారమ్మ. అవతల మస్తాన్‌వలితో సహా ఏడుగురు.

“పిన్నీ, దమ్ము పట్టు” అన్నాడు యేసుపాదం.

ఆవిడ కబడ్డీ కబడ్డీ అంటూ నడుస్తూ వెళ్ళింది. పరుగులేదు, దూకుడులేదు. సాయంత్రం కోళ్ళను గంప కిందికి తోలే పద్ధతి. వాళ్ళు ముందు నవ్వుతూ తప్పించుకున్నారు. నిమిషం గడిచింది. పరుగెత్తి పరుగెత్తి వాళ్ళకు ఆయాసం మొదలైంది, ఆవిడకు లేదు. ఒక్కొక్కణ్ణి మూలకు తోసి వీపు మీద తట్టింది. చివరికి మస్తాన్‌వలి ఒక్కడే మిగిలాడు.

“మామ్మా, నీకు దణ్ణం, నా కాళ్ళు పడిపోయినయ్!”

ఆవిడ వాడి చెవి మెలిపెట్టి, నడుచుకుంటూనే గీత దాటి వచ్చింది. రెండు నిమిషాల నాలుగు సెకన్లు.

ఆవిడ మొహం చూశాను. నలభై రెండేళ్ళ కాపురంలో ఆ మొహం నాకు కొత్త. ఏడుగురు కుర్రాళ్ళు చుట్టూ మూగి చప్పట్లు కొడుతుంటే, పైట సర్దుకుంటూ, నవ్వు ఆపుకోలేక చస్తోంది.

యేసుపాదం అక్కడికక్కడే ఒప్పందం కాగితం తీశాడు. “పిన్నీ, మన ఊరు, మన జట్టు. కిటికీ కావాలంటే గోడకు పెద్ద తెర పెట్టిస్తా. ఆకాశం బొమ్మ రోజంతా కనపడతది.”

“గోడకు అబద్ధం తగిలిస్తావా ఏసూ?” అంది ఆవిడ. “ఆలోచించుకోనీ.”

21వ రోజు

ఆలోచించుకోనీ అంటే ఆవిడ నిజంగానే ఆలోచిస్తోంది. నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. దుమ్ము తొమ్మిది నెలలు, ఆ తర్వాత సీజను, వెరసి భూమి లెక్కన ఏడాదిన్నర ఆవిడ అక్కడ, నేనిక్కడ. వెంట నేనూ పోవడానికి లేదు. గాజు గుమ్మటంలో ఆటగాళ్ళకూ పనివాళ్ళకూ తప్ప గాలి ఇవ్వరు. మ్యాట్ నేసేవాడిగా పోదామంటే అది సిరిసిల్ల. ఊరంతా నేతగాళ్ళే. ఇంకొకడు దేనికి?

అందుకని ఇవాళ రేడియోలో చదవడానికి ముందు ఈ నాలుగు వాక్యాలు రాశాను: “మొన్న చెప్పిన ఊపిరి లెక్క పొరపాటు. మా గదిలో మీటరు చెడిపోయింది. నాంచారమ్మకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. ఆటకు పనికిరాదు.” చదివి, గొంతు సవరించుకుని, మైకు ఆపాను. ఈసారి గుర్తుపెట్టుకుని మరీ ఆపాను.

20వ రోజు

దినచర్యలో అబద్ధం రాస్తే శిక్ష ఉందని నాకు తెలుసు. శిక్ష రాసినవాడికి కాదు, జట్టుకు పడుతుందని మాత్రం తెలియదు. రాజేశం ఫిర్యాదు చేయనే లేదు, పాపం. సంఘంవాళ్ళే ఆ రోజు తిట్టును గడియారం పెట్టుకుని విన్నారట. పైగా అబద్ధానికి ముందే 27వ రోజు సంగతి నా నోటితో నేనే చదివాను. పది రోజులపాటు కొత్త చీరాల, సొంత ఊరివాళ్ళతో సహా, ఎవరితోనూ ఒప్పందం రాసుకోకూడదని తీర్పు.

“బాబాయ్” అన్నాడు యేసుపాదం. అంతే అన్నాడు. ఒప్పందం కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనకనుంచి చూసినా పొట్ట కనిపించింది.

ఇంట్లో నాంచారమ్మ చాటలో బియ్యం చెరుగుతోంది.

“నన్ను పోవద్దని ఒక్క మాట అంటే సరిపోయేదిగా?” అంది.

“అంటే ఆగేదానివా?”

“అని చూడాల్సింది. అది మానేసి నా ఊపిరి మీద అబద్ధం చెప్పావు. నాకున్నది అదొక్కటే గదయ్యా, పంతొమ్మిదేళ్ళు తొట్లో మునిగి సంపాదించుకుంది. దాన్ని కూడా ఉబ్బసం అన్నావు.”

నేను ఏదో కథ మొదలెట్టాను, గుర్రం సంగతి లాంటిదే. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

16వ రోజు

నాంచారమ్మ ఉమ్మడి రేడియోలో సిరిసిల్లకు మాటిచ్చింది. ఇరవయ్యో రోజున ఆ మాటలన్నాక, ఈ నాలుగు రోజుల్లో ఆవిడ నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. ఉప్పు ఎక్కువేసుకుంటే చూసి ఊరుకుంది. సూట్ల గుడ్డ మంచం మీద ఆరేస్తే తీసి పక్కన పెట్టింది. పెట్టె సర్దుతోంది.

ఇది ఇంకో ఐదు రోజుల్లో పదకొండు ఊళ్ళకూ చదవాల్సిందేనని ఈసారి బాగా గుర్తుంది. అయినా రాస్తున్నాను. పోయినసారి అబద్ధం రాశాను కాబట్టి ఈసారి లెక్క సరిచెయ్యాలి. నాంచారమ్మకు ఉబ్బసం లేదు. మీటరు చెడిపోలేదు. ఆవిడ వెళ్ళిపోతుందని భయం వేసి అలా రాశాను. నేల కింద ఊళ్ళో తెల్లవారిందని ఎవరికైనా గడియారం చెబుతుంది, నాకు ఆవిడ చెబుతుంది. నేను చెప్పే కథలన్నీ ఆవిడ వందసార్లు విన్నది. వినడం లేదన్నట్టు పని చేసుకుంటుంది, కానీ నలుగురిని ఆరుగురంటే ఆ మూలనుంచి సరిదిద్దుతుంది. ఆవిడ లేని గదిలో నేను ఆరుగురన్నా నలుగురన్నా పదిమందన్నా అడిగేవాళ్ళుండరు. అలాంటి గదిలో కథ చెప్పి ఏం లాభం?

ఆవిడ బాగా ఆడాలి. మా జట్టును తప్ప అందరినీ ఓడించాలి. మమ్మల్ని ఓడించినా ఫరవాలేదు, మాకు అలవాటే.

11వ రోజు

చదివాను. ఎక్కడా ఆగలేదు. తర్వాత ఎవరో ఆడమనిషి, ఏ ఊరో తెలియదు, “ఆరుగురా నలుగురా, అది తేల్చు ముందు” అంది.

ఇద్దరు. ఒకడు నా తమ్ముడు.

8వ రోజు

మాకు ఒప్పందాల మీద నిషేధం తీరింది. యేసుపాదం రాజేశాన్ని పిలిచి మస్తాన్‌వలిని ఇస్తాను, మా పిన్నిని వదిలెయ్యమన్నాడు. మస్తాన్‌వలి పక్కనే నిలబడి ఉన్నాడు. “అన్నా, నన్నడగవా?” అన్నాడు. “నువ్వూరుకో, నీ చెవి ఇంకా ఎర్రగానే ఉంది” అన్నాడు యేసుపాదం.

రాజేశం ఒప్పుకోలేదు. “మాటిచ్చింది వదినె. ఆమెనే కాదంటే తప్ప నేను వదల.” ఆవిడ కాదనలేదు.

7వ రోజు

పొద్దున రాజేశం మళ్ళీ పిలిచాడు. నన్ను కాదు, యేసుపాదాన్ని. నేను పక్కనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను.

“ఏసన్నా, ఒక మార్పిడి ఉంది. మా దగ్గర రుద్రంగి కనకయ్య అని ఉన్నడు. అరవై నాలుగేండ్లు. కూత నలభై సెకన్లు. మ్యాట్ మస్తు నేస్తడు. ఆయన్ని మీకిస్త. మీ సోమన్నను మాకియ్యి.”

నేను సూది పొడుచుకున్నాను.

“బాబాయ్‌నా?” అన్నాడు యేసుపాదం. “బాబాయ్ దేనికి మీకు?”

“దుమ్ము తొమ్మిది నెలలన్నా. ఊరంతా లోపట కూసోని ఒకరి మొఖం ఒకరు చూసుకునుడే. మా దినచర్య రాసేటాయన ‘ఈరోజు ఏమీ జరగలేదు’ అని రాస్తడు, తొమ్మిది నెలలు అదే రాస్తడు. సోమన్న చదువుతుంటే మా దగ్గర మగ్గాలు ఆపి ఇంటున్నరు. ముచ్చట్లు చెప్పేటోడు కావాలె.”

“ఆ కనకయ్య ఎక్కువ మాట్లాడతాడా?”

“మాట్లాడడు. పెండ్లిల కూడ మాట్లాడలే.”

ఒక ఊరికి పంతొమ్మిదేళ్ళు సేవ చేశాను. కష్టసుఖాల్లో తోడున్నాను. వాళ్ళ పిల్లలకు కథలు చెప్పాను. యేసుపాదం కనీసం గొంతు సవరించుకుంటాడని ఎదురుచూశాను.

“ఇచ్చేశా” అన్నాడు. “ఒకే మనిషి, రెండు పనులు, మాటలు లేవు. ఇంకేం కావాలి?” అని నావైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆనందంతోనా, బాధతోనా అన్నది నేను అడగలేదు.

మార్పిడికి మనిషి ఒప్పుకోలు కావాలి. సంతకం పెట్టాను. పెట్టేముందు జీవితంలో మొదటిసారి ఏ కథా చెప్పలేదు. ఇంటికెళ్ళి నాంచారమ్మకు చెబితే, “అట్నా?” అంది, నా చొక్కాలు తన పెట్టెలో కుక్కుతూ. అప్పటికే అడుగున సగం నా బట్టలే ఉన్నాయి. అంత తొందరగా ఎలా సర్దిందో నాకు తోచలేదు.

4వ రోజు

చివరి బస్సు ఎక్కాం. ఊరంతా వచ్చింది. మస్తాన్‌వలి మా ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టి, రెండు చెవులూ మూసుకుని లేచాడు. యేసుపాదం నన్ను కావలించుకున్నాడు, మధ్యలో పొట్ట అడ్డం వచ్చింది. అవతలినుంచి వచ్చిన బస్సులోంచి కనకయ్య దిగాడు. నమస్కారం పెట్టాడు. నేను మ్యాట్ గురించి, తూర్పువైపు అంచు నాలుగో వరుసలో పేక వదులు గురించి, వల గురించి, మెట్ల గురించి అరగంట చెప్పాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళాడు. వెనక యేసుపాదం మొహం వెలిగిపోయింది.

దుమ్ము మొదటి రోజు

నిన్న కొత్త సిరిసిల్ల చేరాం. రాజేశం స్వయంగా వచ్చి గది చూపించాడు. శుభ్రంగా ఉంది. రెండు మంచాలు, పొయ్యి, రెండు ముళ్ళ మీటరు. నాలుగు వైపులా గోడలు.

“కిటికీ ఏది?” అన్నాను.

రాజేశం నాంచారమ్మవైపు చూశాడు. ఆవిడ పొయ్యివైపు చూసింది.

“కిటికీ ఉన్న గదులన్నీ ఒక్కరికే అన్నా. చిన్నయి. ఇద్దరున్న గదులు లోపటి వరుసల ఉంటయ్” అన్నాడు. “నువ్వు దినచర్య చదివిన మర్నాడే వదినె పిలిచింది. కిటికీ వద్దు, నా పేరుకు ఆయన్ని కలిపి రాయుమన్నది. మా ఊరోళ్ళు ముచ్చట్లకు ఒప్పుకున్నరు, నిజమే. కని అడిగింది ఆమెనే.” మర్యాదస్తుడు కదా, అంతటితో ఊరుకుని వెళ్ళిపోయాడు.

బయట దుమ్ము మొదలైంది. గుమ్మటం గాజు మీద ఇసుక రాలే చప్పుడు ఈ లోపలి గదికి కూడా వినిపిస్తోంది. బయటి వరుసలో ఎవరో కిటికీ ముందు కూర్చుని ఆకాశం ఎర్రబడడం చూస్తూ ఉంటారు. పంతొమ్మిదేళ్ళు వరుసలో నిలబడిన మనిషి ఇక్కడ నాకు కంచం కడుగుతోంది. పంతొమ్మిదేళ్ళుగా ఆటగాళ్ళ మార్పిళ్ళు చూశాను, మూడు సీజన్లుగా రాశాను. ఒక కిటికీ వదులుకుని ఒక మొగుణ్ణి మారకం తీసుకున్న మాట ఏ ఊరి పుస్తకంలోనూ లేదు.

“నాంచారీ” అన్నాను. “నష్టపోయావా?”

కంచం తుడిచి బోర్లించింది. చెయ్యి కొంగుకు తుడుచుకుంది. నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది, కొత్త ఆటగాణ్ణి చూసినట్టు.

“సీజను అయిపోనీ, చెప్తా” అంది.